ఇరవై అడుగుల గీత

క్లెమ్ వెనక నుంచి కాలర్ పట్టుకుని లాగేసరికి డారియో చొక్కా చర్రున చిరిగింది.

చెరకు రైలు ఇంకా అల్లంత దూరంలో ఉంది.

"వదులు పలక తాతా! ఒక్క గడ లాక్కుని వచ్చేస్తా!"

"గీత దాటావంటే ఇవాళ పరుగు పందెంలో నువ్వు లేవు. టోపీ ఏదిరా నీది? పెట్టుకో ముందు!"

డారియో మూతి ముడుచుకుని గీత వెనక్కొచ్చాడు.

క్వీన్స్‌లాండ్‌లోని ఆ ఊరికి చెరకే ప్రాణం. కోతల కాలం వచ్చిందంటే మిల్లుకు పోయే చిన్న రైళ్ళు, గేటూ గీటూ లేకుండా, బడి పక్కనే రోడ్డు దాటుతాయి. నడుస్తున్న రైల్లోంచి గడ లాక్కుని నమలడం అక్కడ తాతల నాటి సరదా. చెరకు కొనుక్కు తినేవాణ్ణి చూస్తే ఊరంతా నవ్వుతుంది.

అలాంటి ఊరికి ఆరు నెలల క్రితం ఎక్కణ్ణుంచో వచ్చాడు క్లెమ్. డెబ్భై ఏళ్ళ మనిషి. పిల్లల్ని రోడ్డు దాటించే పని అడిగి మరీ తీసుకున్నాడు. చేతిలో 'ఆగు' అని రాసిన గుండ్రటి పలక ఉండేది కాబట్టి పిల్లలకు పలక తాత అయిపోయాడు.

పట్టాలకు ఇరవై అడుగుల ఇవతల తెల్లరంగుతో గీత గీశాడు. పిల్లల్ని చర్చి మూలనే కార్లలోంచి దింపించి, వరస కట్టించి, గంతులేయించి, గీత దాకా పరుగు పెట్టించేవాడు. రెండు మెట్లెక్కితే ఆయాసపడే పిల్లలు కూడా నెల తిరిగేసరికి లేడిపిల్లలయ్యారు. గీత దగ్గర మాత్రం, రైలు వచ్చినా రాకపోయినా, ఆగి తీరాలి.

"మనం చిన్నప్పుడు లాక్కోలేదా ఏంటి? ముసలాడికి చాదస్తం!" అనేవాళ్ళు తండ్రులు.

డారియో తల్లి రొసీనా మాత్రం అతని వైపే. మర్నాడు పొద్దున్నే డబ్బాలో పాస్తా పెట్టి తెచ్చింది.

"చొక్కాదేముంది, కుట్టుకోవచ్చు. మా అన్న ఆల్డో ఇక్కడే పోయాడు క్లెమ్ గారూ. ఎనిమిదేళ్ళవాడు. గడ లాగబోయి రైలు కింద పడ్డాడు. నాకప్పుడు నాలుగేళ్ళు, ఏమీ గుర్తు లేదు. ఆ ఇంజిన్ మీదున్న వాళ్ళు ఊరొదిలి పారిపోయారట. కనబడితేనా..." ఆమె డబ్బా చాపింది. "ఈ మాట నేనెవరితోనూ అనను. మీతోనే."

క్లెమ్ డబ్బా అందుకున్నాడు.

"మీ అమ్మ బాగుందా?" అని మాత్రం అడిగాడు.

"మోకాళ్ళు పడిపోయాయి. ఇల్లు కదలదు."

ఆ నెలలోనే మిల్లు వాళ్ళు వందేళ్ళ పండగ చేశారు. గోడ నిండా పాత ఫొటోలు. ఒకదాని ముందు రొసీనా కాళ్ళు ఆగిపోయాయి. ఇంజిన్ ముందు ఇద్దరు మనుషులు. ఇంజిన్ నంబరు ఆమె చిన్నప్పట్నుంచి ఇంట్లో వినీ వినీ నోటికొచ్చిన నంబరే. కింద రాసిన ఏడాది ఆల్డో పోయిన ఏడాదే.

రెండో మనిషి, వయసులో ఉన్న క్లెమ్.

మర్నాడు పొద్దున్నే గీత దగ్గరికి వెళ్ళి నిలదీసింది.

"ఆ ఇంజిన్ మీద మీరున్నారా?"

"ఉన్నాను."

"మా అన్న పోయిన రోజు?"

"ఆ రోజూ ఉన్నాను."

"నా చేతి కూడు తింటూ, నా ఏడుపు వింటూ, ఒక్క మాటైనా చెప్పలేదే! నమ్మించి గొంతు కోశారు కదయ్యా!"

"చెప్పాల్సింది నేను కాదమ్మా."

"మరెవరు? చచ్చిపోయిన మా అన్నా?"

క్లెమ్ పలక పట్టుకుని పిల్లల వైపు నడిచాడు.

ఊరంతా కాదన్నా తను వెనకేసుకొచ్చిన మనిషి! ఇన్నాళ్ళూ కొడుకు చేతిని అతని చేతిలోనే పెట్టింది రొసీనా. తిన్నగా హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళింది. తండ్రులకు అంతకంటే ఏం కావాలి, అతన్ని తీసెయ్యమని అందరూ సంతకాలు పెట్టేశారు. సాయంత్రానికి పని పోయింది.

క్లెమ్ పలకను ఆఫీసులో అప్పజెప్పాడు.

"వానలకు ముందు గీతకు మళ్ళీ రంగు వెయ్యండి," అన్నాడు. సోమవారం పొద్దుటి బస్సుకి వెళ్ళిపోయాడు.

మంగళవారం డారియో చెరకు నములుతూ ఇంటికొచ్చాడు.

"అమ్మమ్మా, చూశావా! నేనే లాగా! రైలు నడుస్తుండగానే!"

ఫిలొమీనా ఆ గడను వాడి చేతిలోంచి లాగేసుకుంది.

"ఎవడు పోనిచ్చాడురా నిన్ను? ఆ పలక తాత ఏమయ్యాడు?"

"అమ్మ వెళ్ళగొట్టించింది."

"అవును, నేనే," అంది రొసీనా. "వాడెవడనుకున్నావ్? ఆల్డోని చంపిన ఇంజిన్ మీదున్నవాడు. క్లెమ్!"

ముసలామె మోకాళ్ళ సంగతి మరిచి లేవబోయింది.

"క్లెమ్ వచ్చాడా? మన ఊరికి? ఎక్కడున్నాడే?"

"నిన్ననే పోయాడు. ఏం, నువ్వూ నాలుగు తిడదామనా?"

"ఇంజిన్ నడిపింది అతను కాదే పిచ్చిదానా. నడిపేవాడి పక్కన సాయంగా ఉండేవాడు. మిమ్మల్ని చూసి, నడుస్తున్న రైల్లోంచి దూకేశాడు." ఫిలొమీనాకు ఏడుపు ఆగలేదు. "నీకు చెప్పొద్దని అతనితో ఒట్టు వేయించుకుంది నేనే. ఆ బరువు బతుకంతా నువ్వెక్కడ మొయ్యగలవని!"

"ఏ బరువు? దూకితే మాత్రం ఏం లాభం, అన్న పోయాడుగా!"

"ఆ రోజు పట్టాల పక్కన మీ అన్న చొక్కా పట్టుకుని నువ్వూ ఉన్నావే తల్లీ, అతని చేతికి అందింది నువ్వు."