చక్కెర డబ్బా కింద కార్డు

“గుర్తింపు కార్డు?”

“పెట్టాను, మిసెస్ బీలెక్.”

“స్వెటర్? పరీక్ష గదిలో ఏసీ ఎముకలు కొరికేస్తుంది.”

“పెట్టాను.”

“శాండ్‌విచ్ రెండు ముక్కలు చేశావా? ఒకేసారి తినేస్తే ఆఖరి పేపర్లో కునుకు పడుతుంది.”

“చేశానండీ. మా అమ్మ కూడా ఇంత చాదస్తం చెయ్యదు!”

“మీ అమ్మకి రేపు నువ్వు మూడోసారి రాస్తున్నావన్న బెంగ లేదు కాబోలు.”

నోరీన్ నవ్వుతూ సంచీ జిప్పు లాగింది. ఏప్రిల్ వచ్చినా అమెరికాలోని ఆ ఈరీ ఊళ్లో మురికి మంచు గుట్టలు ఇంకా కరగలేదు. పెనం మీద బంగాళాదుంప కూరిన పియెరోగీలు, కజ్జికాయల్లాంటి పోలండ్ వంటకం, వెన్నలో వేగుతున్నాయి. ఆ శుక్రవారం సాయంత్రం నోరీన్‌కి ఇన్నేళ్లయినా వాసనలతో సహా గుర్తుంది.

తెల్లారితే మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం ఆమెకి నల్లేరు మీద నడకే. రెండుసార్లూ ముంచింది ఆఖరి పేపరు, మనస్తత్వ శాస్త్రం, సమాజ శాస్త్రం. అందుకే ఆరు నెలలుగా ప్రతి సోమవారం నాలుగింటికి, మందుల షాపులో కౌంటర్ పని ముగించుకుని ఈ వంటగదికి వచ్చేది.

హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు సమాజ శాస్త్రం చెప్పి రిటైరైన మిసెస్ బీలెక్ ఒక్క పదం కూడా బట్టీ పట్టనిచ్చేది కాదు. గుర్తుండేలా ఒక్కో పాఠాన్నీ మనసులో ఆ ఇంట్లోని ఒక్కో చోట సర్దించింది. మేడమెట్ల మీద సమాజంలోని అంతస్తులు. హాల్లో అద్దం దగ్గర, ఎదుటివాళ్ల కళ్లతో మనల్ని మనం చూసుకోవడం. వంటగది రంగస్థలం, అంటే నలుగురి ముందు మనం వేసే వేషం. ఎప్పుడూ మూసి ఉండే పడగ్గది తెరవెనక.

“ఇంతకీ ఆ గదిలో ఏముందండీ?” అని ఒకసారి అడిగింది నోరీన్.

“తెర ఎత్తి చూపించేస్తే ఇంక నాటకమేముంది, పిల్లా?” అందావిడ.

పియెరోగీల పళ్లెం ఒక్కటే బల్ల మీదికి వచ్చింది. మిసెస్ బీలెక్ తను మాత్రం గ్లాసులో ఆపిల్ రసం పోసుకుంది.

“మీరు తినరా?”

“ఇవాళ పొట్ట బాగాలేదు. నువ్వు తిను. ఆ మెళ్లో గొలుసు తీసెయ్, లోపలికి రానివ్వరు. వాచీ కూడా.”

నోరీన్ రెండూ తీసి జేబులో వేసుకుంది. అప్పుడు గమనించింది, ఆవిడ వేలికి పెళ్లి ఉంగరం లేదు. ఉండాల్సిన చోట తెల్లటి గీత మాత్రం ఉంది.

“మీ ఉంగరమేదండీ?”

“నీకు తోడుగా నేనూ తీసేశాలే. ఆ పరీక్ష హాలు కాపలావాడు నన్నూ పట్టుకుంటాడేమోనని!”

ఇద్దరూ నవ్వుకున్నారు. తలుపు పక్కన ఆవిడ నీలం సంచీ కూడా సర్ది ఉంది, పైన మెత్తటి చెప్పుల జత. బఫెలోలో చెల్లెలింటికి వెళ్తున్నానని, సోమవారానికల్లా వచ్చేస్తానని చెప్పింది.

“సరే, ఆఖరి ప్రశ్న. తల్లి గదిలోంచి బయటికెళ్లింది. బిడ్డ ఏడ్చింది. తల్లి తిరిగొచ్చింది. నువ్వు దేన్ని చూడాలి?”

“ఏడుపుని.”

“మళ్లీ అదే తప్పు! వెళ్తుంటే ఏ బిడ్డయినా ఏడుస్తుంది. తిరిగొచ్చినప్పుడు ఏం చేస్తుందో చూడు. వాళ్ల మధ్య ఉన్న బంధం అక్కడ తెలుస్తుంది.”

ఆవిడ చూపు ఫ్రిజ్ మీది అయస్కాంత బొమ్మల వైపు మళ్లింది. ఒక్కోటీ ఒక్కో శిష్యుడు ఇచ్చి వెళ్లింది.

“ఆ చేప డెస్మండ్‌ది. తుమ్మకుండా రెండు వాక్యాలు చదవలేకపోయేవాడు. ఇప్పుడు గుండె డాక్టరట. ఆ లైట్‌హౌస్ ప్రిసిల్లాది. గుమ్మంలో నన్ను పట్టుకుని ఎంత ఏడ్చిందనుకున్నావ్! పరీక్షవగానే వస్తానంది. అందరూ అలాగే అన్నారు.”

“ఒక్కరూ రాలేదా?”

“వాళ్ల తప్పేముందిలే. పరీక్ష అయిపోయాక ట్యూషన్ టీచరుతో పనేముంటుంది?”

అంటూనే పాఠాల కార్డుల కట్టలోంచి చివరిది తీసి, బోర్లించి చక్కెర డబ్బా కింద పెట్టింది.

“అదేంటండీ, అది చెప్పరా?”

“సోమవారం చెప్తా. సగంలో ఆగిన పని మనసుని పీకుతూనే ఉంటుంది. చూద్దాం, నిన్నైనా లాక్కొస్తుందేమో.”

“నేను వస్తాను. నాలుగింటికి. ఒట్టు.”

మిసెస్ బీలెక్ ఆమె చేతిలో తాళంచెవి పెట్టింది. “నేను ఆలస్యమైతే తలుపు తీసుకుని కూర్చో. కిటికీలో జెరేనియం పూల కుండీకి నీళ్లు పొయ్యి.”

గుమ్మంలో ఆవిడ వీడ్కోలు చెప్పలేదు. స్వెటర్ ఉందో లేదోనని సంచీ మళ్లీ తడిమి చూసింది, అంతే.

శనివారం మధ్యాహ్నం రెండు కావస్తుండగా ఆఖరి పేపరు కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. నోరీన్ కళ్లు మూసుకుని ఆ ఇంటి తలుపు తోసింది. మెట్లెక్కింది, అద్దం ముందు నిలబడింది, వంటగదిలోకి నడిచింది. అన్నీ పెట్టిన చోటే ఉన్నాయి. తల్లీబిడ్డల ప్రశ్న కూడా వచ్చింది. ఈసారి తప్పు చెయ్యలేదు.

సోమవారం సరిగ్గా నాలుగింటికి, ఫ్రిజ్‌కి అంటించడానికి చిన్న పడవ బొమ్మ కొనుక్కుని వచ్చింది. గంట కొట్టింది. ఎవరూ పలకలేదు. తాళం తీసి లోపలికి వెళ్లి కుండీకి నీళ్లు పోసింది. బఫెలో బస్సు ఆలస్యమైందేమో అనుకుంది. ఆగలేక చక్కెర డబ్బా ఎత్తింది.

కార్డు మీద ఆవిడ గుండ్రటి చేతిరాత. “తిరిగొచ్చావుగా. పాఠం పూర్తయింది.”

నోరీన్ పడవ బొమ్మని చేప పక్కన అంటించి, పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టి, ఇద్దరికీ కప్పులు తీసి కూర్చుంది.

మిసెస్ బీలెక్ వెళ్లింది చెల్లెలింటికి కాదు, ఆసుపత్రికి. శనివారం మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ గదిలోనే ప్రాణం పోయింది, ఆవిడ తిరిగి రాలేదు.