మ్యాపులో ఎర్ర గల్లీ

"ఏడుకు నడుమ అడ్డగీత ఇంకా పెడ్తనే ఉన్నవా బేటా?" ఖాజా పాషా నవ్వాడు.

ఆయన పాలసీ నంబరు చీటీ మీద రాసుకుంటున్న తౌసీఫ్ కూడా నవ్వబోయాడు గానీ, నవ్వు రాలేదు. పక్కింటి చిచ్చా ముఖం చూడాలంటేనే సిగ్గుగా ఉంది.

"ముప్పై ఏండ్ల సంది టాక్సీ నడుపుతాన. ఒక్క సొట్ట పడలే. మరి ఇన్సూరెన్స్ ఒక్కసారే ఇంత పెంచిన్రేంది? నెలాఖరు లోపల కట్టకపోతే బండి ఇంటి ముంగట పెట్టుడే."

"మన పిన్‌కోడ్‌లో యాక్సిడెంట్లు ఎక్కువని తేలింది చిచ్చా. దాన్ని బట్టే రేటు."

"ఎవడు తేల్చిండు?"

"కంప్యూటర్."

అబద్ధమేం కాదు. కాకపోతే ఆ కంప్యూటర్‌కు లెక్క నేర్పింది తౌసీఫే. హైదరాబాద్ ఆఫీసులో పదేళ్ల క్లెయిములు ముందేసుకుని, ఎక్కడెక్కడ ప్రమాదం ఎక్కువో చెప్పే మోడల్ తయారుచేసి, పుట్టిపెరిగిన గల్లీకి మ్యాపులో తన చేత్తోనే ఎర్రరంగు వేశాడు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. డిగ్రీ సెలవుల్లో తనను ఇన్సూరెన్స్ ఏజెంట్ రాజేశ్వర్ రావు దగ్గర పనికి కుదిర్చింది ఈ చిచ్చానే మరి.

"పెద్ద ఆఫీసుల ఉన్నవు, జర చూడు బేటా" అంటూ చిచ్చా భార్య లాల్‌బీ చాయ్ ఇచ్చింది.

మధ్యాహ్నం హనుమకొండలో రాజేశ్వర్ రావు ఆఫీసుకు వెళ్లాడు. ఆ పిన్‌కోడ్ క్లెయిములు చాలావరకు అక్కడినుంచే వచ్చాయి. పాత ఫారాల కట్ట విప్పించాడు. మొదటి కారు ఏటూరునాగారంలో చెట్టును గుద్దింది, ఓనరుదీ ఆ ఊరే. రెండోది వర్ధన్నపేట. మూడోది ఇంకేదో పల్లె. పిన్‌కోడ్ దగ్గర మాత్రం అన్నింటిలోనూ చివర ఏడున్న తమ గల్లీ నంబరే!

తౌసీఫ్‌కు ప్రాణం లేచొచ్చింది. అయితే తప్పు తనది కాదన్నమాట.

"ఊళ్లు వేరే, పిన్‌కోడ్ మాదా సార్?"

"పల్లెల నుంచి వచ్చెటోళ్లకు పిన్‌కోడ్ యాదికుండది. అది రాయకుంటే కంప్యూటర్ తీసుకోదు. ఫారాలు నింపెటోళ్లు తమకు తెలిసింది రాసి పడేసిన్రు."

"ఎవడు సార్ ఆ బుద్ధిలేనోడు? వాని బద్ధకానికి మా చిచ్చా బండి మూలకు పడుతాంది!"

రాజేశ్వర్ రావు కట్టకు దారం చుట్టబోయాడు. "పోనీలే బిడ్డా, పాత సంగతి."

"పోనీలే ఏంది సార్? పేరు చెప్పుండ్రి. రిపోర్టు రాస్త."

ఆయన దారం వదిలేసి, కట్టను మెల్లగా తౌసీఫ్ ముందుకు జరిపాడు. "నువ్వే చూస్కో."

తౌసీఫ్ ఫారాలను ఒక్కొక్కటే తిప్పుతూ ఈసారి ఆ చివరి అంకెలను చూశాడు.

ప్రతి ఏడుకూ నడుమ అడ్డగీత ఉంది.