దిగేవాళ్ళు ఆగాలి

సీతాఫలాలు రాళ్ళ మీద దొర్లుకుంటూ పోయాయి. కొన్ని పగిలి, తెల్లటి గుజ్జు మట్టిలో కలిసింది.

బోర్లా పడిన గంప పక్కన మొగిలమ్మ కూలబడి ఉంది. కుడి మణికట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.

వెనకనుంచి ఆమెను గుద్దుకుని వెళ్ళిన సైకిలు అప్పటికే మలుపు దాటిపోయింది.

దాని మీద ఉన్నది దేవదానం.

గుట్ట కింద వాగు దగ్గర ఆగాడు. వెంటనే వెనక్కి ఎక్కాల్సింది. ఊపిరి కుదుటపడ్డాక వెళ్దామనుకున్నాడు.

అది ఎనభై మూడో సంవత్సరం, బతుకమ్మ పండుగ దగ్గరపడ్డ రోజులు. దేవదానం సుబేదారిలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆదివారం చర్చి అయ్యాక మట్టెవాడ నుంచి నలుగురైదుగురు కలిసి, మడికొండ దాటి ఈ గుట్టకు వచ్చేవాళ్ళు. మడ్‌గార్డులు, చైన్ కవర్లు, క్యారియర్లు విప్పేసి, లావు టైర్లు వేసుకున్న మామూలు సైకిళ్ళు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. 'గుట్ట సైకిలోళ్ళు' అని పేరు పెట్టారు.

గుట్ట మీద నియమాలు పెట్టింది దేవదానమే.

బెల్లు లేని సైకిలు రాకూడదు. ఎక్కేవాళ్ళకోసం దిగేవాళ్ళు ఆగాలి. నెత్తిన బరువున్న మనిషి కనపడితే సైకిలు దిగి నిలబడాలి. గుట్ట ఈ కింది ఊరోళ్ళది, మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం అనేవాడు.

ఆ రోజు అతని వెనక రాయమల్లు దిగుతున్నాడు. అతనికంటే వేగంగా.

రాయమల్లు అదే ఆఫీసులో టెంపరరీ అటెండరు. ఇద్దరు పిల్లల తండ్రి. అతన్ని పర్మినెంటు చేయమని పైవాళ్ళ చెవిన వేస్తున్నది దేవదానమే. గుంపులోకి తెచ్చిందీ అతనే.

కానీ ఆఫీసులో తనకు మంచినీళ్ళిచ్చే మనిషి గుట్ట మీద తనను దాటిపోబోవడం దేవదానానికి నచ్చలేదు.

మలుపులో బ్రేకు నొక్కలేదు.

సైకిలు నడిపించుకుంటూ దేవదానం పైకి వచ్చేసరికి, రాయమల్లు మొగిలమ్మను లేపి బండ మీద కూర్చోబెట్టాడు. తన తువ్వాలతో ఆమె చేతికి కట్టు కడుతున్నాడు. మిగతావాళ్ళూ చేరారు. వాళ్ళలో బడి డ్రిల్లు సారు సుందర్ రావు రాయమల్లును అందరి ముందూ తిడుతున్నాడు. కళ్ళు ఎక్కడ పెట్టుకుని తొక్కుతున్నావన్నాడు. నీవల్ల రేపటినుంచి మమ్మల్ని గుట్టకు రానివ్వరన్నాడు.

రాయమల్లు కట్టు ఆపి దేవదానం వైపు చూశాడు.

దేవదానం వంగి తన టైరు చూసుకున్నాడు.

"ఈయనేనా అవ్వా గుద్దింది?" సుందర్ రావు అడిగాడు.

"సైకిలును జూసిన బిడ్డా. మనిషిని జూడలే," అంది మొగిలమ్మ.

"నాదే తప్పు సార్," అన్నాడు రాయమల్లు, ముడి వేస్తూ.

ఇంక గుంపుతో రావద్దన్నారు అతన్ని. అందరితోపాటు దేవదానమూ తలూపాడు.

మర్నాడు ఆఫీసులో మంచినీళ్ళ గ్లాసు ఎప్పటిలాగే టేబులు మీదకు వచ్చింది. దాని మీద ఎప్పటిలాగే మూత ఉంది. సాయంత్రందాకా దేవదానం దాన్ని ముట్టుకోలేదు.

ఆ వచ్చే ఆదివారం చర్చిలో ప్రభు భోజనం. రొట్టె పళ్ళెం వరుసలో చేతులు మారుతూ వచ్చింది. తప్పు దాచుకున్నవాడు తినకూడని రొట్టె. తీసుకోకుండా పక్కకు అందించాడు. ఒంట్లో బాగాలేదా అని ఇంటికెళ్ళాక సుశీల అడిగింది. అవునని భార్యకు అబద్ధం చెప్పాడు.

మధ్యాహ్నం గుట్టకని బయలుదేరి, గుట్ట కింద ఊళ్ళోకి తిరిగాడు. మొగిలమ్మ ఇల్లు అడుగుతూ వెళ్ళాడు.

వాకిట్లో రాయమల్లు కట్టెలు కొడుతున్నాడు.

మొగిలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చేతికి పిండికట్టు. సైకిలు చూసి, ఆ గుంపులో మనిషేనని గుర్తుపట్టి కూర్చోమంది.

"గుద్దినోడే గని మంచోడు సారు. దవాఖానకు గూడ ఆయనే తీస్కపోయిండు. తిడుదామంటె నోరొస్తలేదు," అంది.

గొడ్డలి ఆగలేదు.

"గుద్దింది రాయమల్లు గాదవ్వా," అన్నాడు దేవదానం. ఆ మాట అతనికే సరిగా వినపడలేదు. మళ్ళీ చెప్పాడు. "నేను."

గొడ్డలి ఆగింది.

మొగిలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మరి నువ్వెందుకు జేస్తానవ్ బిడ్డా ఇదంత?" అని రాయమల్లును అడిగింది.

అతను చీలిన కట్టెలు ఏరి గోడవారగా పేర్చడం మొదలుపెట్టాడు. దేవదానం వంగి ఒక కట్టె అందుకోబోయాడు.

"మీకెందుకు సార్, ఉండనియ్యిన్రి," అన్నాడు రాయమల్లు. ఆఫీసులో మాట్లాడినంత మర్యాదగా.

ఆమె ముందు ఒప్పుకున్నంత తేలిక కాలేదు గుంపు ముందు ఒప్పుకోవడం. ప్రతి ఆదివారం చెబుదామని వెళ్ళి, చెప్పకుండా తిరిగొచ్చాడు.

క్రిస్మస్ ముందు ఒకరోజు మొగిలమ్మ కూరగాయల గంపతో మడికొండ రోడ్డు మీద ఎదురైంది. చెయ్యి ఎట్లుందని అడిగాడు. గంపను నెత్తి మీదే ఉంచి, రెండు చేతులూ వదిలి చూపించింది.

ఆ ఆదివారం అందరికీ చెప్పాడు.

సుందర్ రావు సైకిలు తిప్పాడు. పదండి, రాయమల్లు ఇంటికి పోదామన్నాడు.

రాయమల్లు భార్య చాయ పెట్టింది. సుందర్ రావు రాయమల్లు చేతులు పట్టుకుని మాఫ్ చెయ్యమన్నాడు. అట్లనకున్రి సార్ అన్నాడు రాయమల్లు. అందరినీ మంచం మీద కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. వచ్చే ఆదివారంనుంచే మళ్ళీ రావాలని అందరూ అడిగారు.

"ఐతారం ఐతారం మొగిలవ్వ ఇంట్ల పనుంటది సార్," అన్నాడు. "చెయ్యి ఇంక నయంగాలే ఆమెకు."

పాపం, బాగయ్యాకే వస్తాడులే అనుకుంటూ బయటికొచ్చారు అందరూ.

దేవదానం సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ వాళ్ళ వెనక నడిచాడు.