లోపలి అంచు

ఇత్తడి గొట్టం గచ్చు మీద పడి, దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలి ఆగింది.

విసిరింది సమ్మమ్మ. ఉప్పలయ్య పెళ్లాం. మిర్చికి మందు కొట్టే పంపుకు నెల కిందే మా దగ్గర కొత్త గొట్టం వేయించుకున్నారు.

"నీ గొట్టం నువ్వే ఉంచుకో మేస్త్రీ," అంది. "మా ఆయన దవాఖానల పడున్నడు. నిన్న పొద్దుగాల్నుంచి కండ్లు తెరుస్తలేడు."

ఇది ఎనభై మూడు నాటి మాట. వర్క్‌షాపు అంటే పెద్దగా ఊహించుకోకండి. కాశిబుగ్గలో మా ఇంటి వసారా. ఒక బల్ల, దాని మీద గొట్టాలు బిగించే ఒక వైస్, నేను, నా తమ్ముడు కట్టయ్య.

"ఏమైందమ్మా?"

"చేన్ల మందు కొడుతాంటె గొట్టం కొసకు నాజిల్ జామైంది. నాజిల్ ఇప్పి, గొట్టం నోట్లె పెట్టుకొని ఊదిండు. పంపుల గాలి ఉండె, ఊదంగనే అడ్డం కదిలింది. మందంత నోట్లెకే ఎగజిమ్మింది."

గొట్టం చేతిలోకి తీసుకున్నాను. కోసిన చోట బయట నున్నగా మెరుస్తోంది. చిటికెన వేలు లోపలికి పెట్టాను. చుట్టూ పదునైన అంచు. వేలు తెగింది.

అంచు ఒకచోట ఊడిపోయి ఉంది. ఆ ముక్కే కొట్టుకుపోయి గొట్టం కొసన నాజిల్‌కు అడ్డం పడింది.

నాకు కోపం నెత్తికెక్కింది.

"కట్టయ్యా! ఇటు రారా!"

ఈ గొట్టం కోసింది వాడు మోజుపడి తెచ్చుకున్న పైపు కట్టర్‌తో. గొట్టానికి బిగించి తిప్పితే చిన్న చక్రం చుట్టూ తిరిగి కోసేస్తుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అది అంచును లోపలికి నొక్కుతూ కోస్తుంది. ఆ మడతను గుండ్రటి ఆకురాయితో గీకి తీసేయాలి. వందసార్లు చెప్పాను.

నా పద్ధతి వేరు. ఇనుము కోసే రంపం, సన్న పళ్ల హెక్సా బ్లేడు. పెద్ద పళ్లదైతే పల్చటి గొట్టాన్ని చింపేస్తుంది. గొట్టం నలగకుండా వైస్‌లో రెండు పక్కలా చెక్కముక్కలు. మెల్లగా కోసి, లోపలా బయటా ఆకురాయి పట్టి, పొడి దులపాలి. ఆలస్యమవుతుంది. అయితే అవనీ.

"లోపల వేలు పెట్టి సూసినవారా?"

"సీజన్ గదనే అన్నా. ఆ రోజు ఇరవై మంది నిలబడ్డరు. హెక్సాతోని ఒక్కటి కోసేటాళ్లకు దీంతోని నాలుగు..."

మాట పూర్తి కానివ్వలేదు. చెంప పగలగొట్టాను. ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. అవేవీ అడ్డం రాలేదు.

"నీ తొందర పాడుగాను! ఆడ ఒక మనిషి పానం పోతాందిరా!"

బల్ల మీది కట్టర్ తీసి రోడ్డు మీదికి విసిరికొట్టాను. చాల్లేదు. ఇంకేమైనా దొరికితే అదీ విసిరేవాణ్నే.

సమ్మమ్మ కదల్లేదు.

"అయిందా మేస్త్రీ?" అంది. "నీ తమ్మున్ని కొట్టుమని వచ్చిన్నా నేను? మీరు దేంతోని కోస్తె నాకేంది? నాజిల్ అన్నంక మట్టి పడ్డా జామైతది, ఆకు పడ్డా జామైతది. నోరు పెట్టి ఊదుమన్నదెవలు?"

"ఎవలన్నరు?"

"నువ్వే."

"నేనా?" అన్నాను.

"గొట్టం ఇచ్చిననాడు నేను పక్కనే ఉన్న. ఊది సూపెట్టినవ్. జామైతె ఏం జెయ్యాలె అని ఆయన అడిగిండు. ఏమన్నవో యాది తెచ్చుకో."

గుర్తుంది.

గొట్టం చేతికిచ్చే ముందు తువ్వాలతో తుడిచి, నోట్లో పెట్టుకుని ఒక్క ఊపున ఊదడం నా అలవాటు. అవతలి కొస దగ్గర గొట్టం తీసుకునేవాళ్ల చేత అరచెయ్యి పెట్టించేవాణ్ని. గాలి సాఫీగా తగిలితే వాళ్లు నవ్వేవాళ్లు. నా పనితనం చూసి నేనే మురిసిపోయేవాణ్ని.

"ఏమున్నదే, గిట్లనే ఊదు," అన్నాను ఆ రోజు ఉప్పలయ్యతో.

కొత్త గొట్టంలో గాలి తప్ప ఏమీ ఉండదని నాకు తెలుసు. చేనుకు పోయి వచ్చిన గొట్టంలో ఏముంటుందో కూడా తెలుసు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తూ ఆ రెండూ కలిపి ఒక్కసారి ఆలోచించలేదు.

నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"ఇంకెంతమందికి జెప్పినవ్ గిట్ల?" అడిగింది సమ్మమ్మ. గొంతులో ఇందాకటి కేక లేదు. దానికే నాకు భయమేసింది.

"వచ్చినోళ్లందరికి," అన్నాను.

ఆమె కొంగు నడుముకు చుట్టి దవాఖాన వైపు నడిచింది.

కట్టయ్య గోడకు ఆనించిన సైకిల్ తీశాడు.

"నేను ఎనుమాముల దిక్కు చేన్లకు పోతానే," అన్నాడు. "నువ్వు ములుగు రోడ్డు బస్సెక్కు. పంపు భుజానేస్కున్నోడు ఎవడు కనవడ్డా చెప్పు, నోరు పెట్టద్దని."

అంగీ తొడుక్కుని బయటపడ్డాను.

ఆ ఏడు మిర్చికి మందు కొట్టని ఊరు లేదు.