రెండో బ్రేకు

ముసలాయన చేతికర్రతో కారు బానెట్ మీద టకటకా కొట్టాడు.

“కళ్లు నెత్తికెక్కాయా తల్లీ? ఇంకాస్త ఉంటే నన్ను పైకి పంపేసేదానివి!”

అప్పుడు తెరిచింది వదిన కళ్లు. వీధిలో బడిపిల్లల నుంచి పళ్లూడినవాళ్ల దాకా అందరికీ ఆమె వదినే కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. ఆమె చేతులు స్టీరింగ్ మీద లేవు, మొహం మీద ఉన్నాయి. వాలులో దూసుకొచ్చిన కారు ఒక్క కుదుపుతో ఆగి, ఇంజను ఆరిపోయి ఉంది. ముసలాయన మోకాళ్లకీ బండికీ మధ్య జానెడు జాగా మిగిలింది.

పక్క సీట్లో డ్రైవింగ్ మాస్టారు తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని ఎదురుగా చూస్తున్నారు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది వదినకి.

నేర్పించే కారు కదా, మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉంటాయి. ఆమె తడబడినప్పుడల్లా ఆయన రెండూ కలిపి నొక్కేవారు. ఇంజను ఆగకుండానే కారు పిల్లిలా మెత్తగా నిలబడేది. “నా కాళ్ల కింద రెండో బ్రేకుంది, మీకెందుకమ్మా బెంగ?” అనేవారు. కంగారు పుట్టగానే మూడు ముక్కలు తలుచుకోమనేవారు: ఊపిరి, చూపు, కాలు. నేర్చుకునే వాళ్లందరిచేతా ఎక్కాల్లా వల్లె వేయించేవారు. వదినైతే వంటింట్లో కూడా అనుకునేది. తీరా ముసలాయన అడ్డం వచ్చేసరికి మూడింట్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

“ఈ పూటకి చాలమ్మా” అని మాస్టారు కారు దిగారు. సీసాలో నీళ్లన్నీ గటగటా తాగేశారు. బామ్మర్దికి ఫోన్ చేసి, వచ్చి కారు తీసుకెళ్లమన్నారు. తనతో కలిసి మళ్లీ ఆ కారెక్కడం ఆయనకి ఇష్టం లేదని వదినకి అర్థమైపోయింది. తల కొట్టేసినట్టయింది.

ఆమె కుంటుకుంటూ ఇల్లు చేరేసరికి మొగుడు వాకిట్లో వ్యాను తుడుస్తున్నాడు. బేకరీ నుంచి దుకాణాలకు బ్రెడ్డు వేసే వ్యాను అది. చూపు మందగించిందని, ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాక వదిన నేర్చుకోవడం మొదలెట్టింది. రేపే టెస్టు. తప్పితే వ్యాను అమ్మేయాల్సిందే.

“ఏంటే, కుంటుతున్నావ్?”

“భయానికి కుడికాలి పిక్క పట్టేసిందండీ.”

జరిగిందంతా చెప్పింది. చెబుతూ చెబుతూ అరుగు మీద కూలబడిపోయింది.

“స్టీరింగ్ వదిలేసి మొహం కప్పుకున్నానండీ! దాగుడుమూతలాడే పిల్లలా! మాస్టారు బ్రేకెయ్యకపోతే ఈపాటికి ఆ పెద్దాయన...”

“కళ్లు కనపడక నేను మానేశాను. కనపడే కళ్లు నువ్వు మూసుకున్నావు. కుదిరింది జోడీ!” అని నవ్వబోయి, ఆమె మొహం చూసి మింగేశాడు మొగుడు.

“వ్యాను అమ్మేయండి. నేనిక ముట్టుకోను.”

అతను తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ ఉండిపోయాడు. బండి అమ్మడమంటే ఇంట్లో మనిషిని పంపించేయడమే అతనికి.

“సరే, నీ ఇష్టం. కానీ ఆయన ఇవాళ ఒక ప్రాణం నిలబెట్టారు, నిన్నూ నిలబెట్టారు. వెళ్లి ఆ మాట ఆయనతో చెప్పిరా.”

మొహం చెల్లకపోయినా సాయంత్రం వెళ్లింది వదిన. షెడ్డు ముందు కారు ముసుగేసుకుని ఉంది. నేర్చుకోవడానికి వచ్చిన వాళ్లిద్దరు “ఇవాళ క్లాసుల్లేవట” అనుకుంటూ తిరిగిపోతున్నారు. అందరి క్లాసులూ పోవడం కూడా తన నిర్వాకమేనని ఇంకాస్త కుంగిపోయింది. మాస్టారు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డారు గానీ తలెత్తలేదు.

“నేనే మీ ఇంటికి వద్దామనుకుంటున్నానమ్మా...”

ఇక రావద్దని చెప్పడానికే అనుకుంది వదిన. ఆ మాట ఆయన నోటి వెంట వినలేక తనే అందుకుంది.

“మీరు చెప్పక్కర్లేదు మాస్టారూ. ఇన్నాళ్లూ మీరు నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరు చేశాను. రేపు టెస్టుకి వెళ్లను. మీరు ఆ బ్రేకు వెయ్యకపోతే నేనీపాటికి జైల్లో ఉండేదాన్ని. మీ కాళ్లకి దణ్ణం పెట్టాలి.”

ఆమె నిజంగానే వంగబోయింది. మాస్టారు ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశారు.

“వద్దమ్మా! నా కాళ్లకొద్దు!”

“నా తప్పు నాకు తెలుసు మాస్టారూ...”

“కుంటుతున్నారేంటి?”

“పిక్క పట్టేసింది. అదీ భయానికే. కాలు కింద పెట్టలేకపోతున్నాను.”

మాస్టారు ఆ కుడికాలి వంకే చూస్తూ ఉండిపోయారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

“టెస్టుకి వెళ్లండమ్మా. మీరు వెళ్లి తీరాలి.”

“ఎగతాళి చేస్తున్నారా మాస్టారూ?”

“ఎగతాళా!” ఆయన మళ్లీ మెట్టు మీద కూలబడ్డారు. “ఊపిరి, చూపు, కాలు అని ఊరందరికీ గొంతు చించుకుని చెప్పే మనిషిని. ఎలా చెప్పను మీకు?”

“ఏంటి మాస్టారూ?”

“పొద్దున నా కాలు కదల్లేదమ్మా.”