భుజం మీది చెయ్యి

ఇసుకలో కూరుకుపోయిన పాత ఓడ, ఆటుకు సముద్రం వెనక్కి తగ్గితేనే బయటపడుతుంది. ఆ రాత్రి గంగులయ్య దాని ఇనపరేకుల మీద గ్యాసు కటింగు నేర్చుకుంటున్నాడు. నల్ల కళ్లద్దాల్లోంచి మంట తప్ప ఏమీ కనబడదు, దాని హోరులో మాట వినబడదు. అందుకే మేస్త్రీ మస్తానయ్య వెనక నిలబడి భుజం తడతాడు. ఒకసారి తడితే కొయ్యాలి, రెండుసార్లు తడితే ఆపాలి.

"నేను తట్టందే కొయ్యబాకరా" అని ముందే చెప్పాడు.

గంగులయ్య మంట వెలిగించాడు. వెనకనుంచి చెయ్యి పడి ఒకసారి తట్టింది. కొయ్యడం మొదలుపెట్టాడు. కాసేపటికి చొక్కా భుజం తడిసి చల్లబడింది. అనుమానమొచ్చి మంట ఆర్పాడు.

"ఒరే గంగులూ, నేను రాకముందే వెలిగించినావేందిరా?"

మస్తానయ్య కేక దూరంగా గట్టు మీదనుంచి వచ్చింది.

గంగులయ్య తల తిప్పలేకపోయాడు. సగం తెగిన రేకు వెనక, ఓడలో నీళ్లు కదిలాయి.

భుజం మీది చెయ్యి మళ్లీ తట్టింది. ఒక్కసారే.