వంద లెక్కపెట్టేలోగా

"బాబుని దించితే గానీ పని కాదమ్మా," అన్నాడు కేబుల్ అతను, బల్ల కింద నుంచి తల బయటపెట్టి.

ఆమె దించలేదు. రెండేళ్ళ పిల్లాడు మెడ వాటేసుకుని ఉన్నాడు. పుట్టినప్పటి నుంచీ వాడు ఇంకొకరి చంకెక్కింది లేదు. రేపట్నుంచి ఆమెకి ఇంట్లోనే కంప్యూటర్ మీద ఉద్యోగం. వాడు వదిన దగ్గర ఉండకపోతే ఆ ఉద్యోగం దక్కదు. ఉంటే, తనని మర్చిపోతాడేమోనని ఇంకో దడ.

"మూడు కంప్యూటర్లకీ వైర్లు లాగాను. మోడెమే మొండికేస్తోంది. మొదట చూసినదాన్ని తప్ప ఇంకోదాన్ని దగ్గరికి రానివ్వదు."

"అచ్చం మా మేనల్లుడే," అంది వదిన, బట్టలు మడతపెడుతూ.

"కరెంటు తీసి వంద లెక్కపెట్టాలి. పాతదంతా మర్చిపోతుంది. మళ్ళీ వేశాక ముందు ఏది కనబడితే దానికే అతుక్కుంటుంది. దీని ప్లగ్గు బీరువా వెనక ఇరుక్కుంది. మీరెళ్ళి మెయిన్ ఆపండి."

"ఆ స్విచ్చి వదులైపోయింది. పట్టుకోకపోతే నిలవదు, జాగ్రత్త," అంది వదిన.

ఆమె బాబుని వదిన ఒళ్ళో కూర్చోబెట్టింది. వాడి ఏడుపు నడవా దాకా వెంటబడింది. మెయిన్ కిందికి లాగగానే ఫ్రిజ్ మూగబోయింది. స్విచ్చి పట్టుకున్న వేళ్ళలోకి చీమలు పాకినట్టయింది.

ఒకటి. రెండు. నలభై దగ్గర "అమ్మా" అని కేక. చెయ్యి వదిలేయబోయింది.

"మధ్యలో వేయకండి, మళ్ళీ మొదటికొస్తుంది," అన్నాడతను లోపల్నుంచి.

డెబ్బై. ఏడుపు పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. తొంభై. వంద.

స్విచ్చి వేసింది. ఒళ్ళు తేలికైపోయింది. ఇన్నాళ్ళూ గుండెల్లో ఉన్న దడ ఏమైందో, అసలది దేనికో కూడా తట్టలేదు.

గదిలో మూడు తెరలూ వెలుగుతున్నాయి. "పట్టేసిందమ్మా," అన్నాడతను.

ఆమె ముందుగా కంటబడిన తన కంప్యూటర్ దగ్గరికే తిన్నగా వెళ్ళి, దాని మీది దుమ్ము అరచేత్తో మెల్లగా తుడిచింది, జ్వరం చూసినట్టు.

పిల్లాడు వదిన ఒళ్ళోంచి జారి, పరిగెత్తుకొచ్చి ఆమె కాళ్ళు చుట్టేశాడు. "అమ్మా."

ఆమె వంగి, వాడి వేళ్ళు ఒక్కొక్కటీ నెమ్మదిగా విడదీసింది. వదిన వైపు చూసి నవ్వింది.

"ముద్దుగా ఉన్నాడు వదినా. ఎవరి బాబు?"